బీడీల గల్లీలో కళ్ళ పరీక్ష

మా సంఘంలో సేవా కార్యక్రమాల బాధ్యత నా నెత్తిన ఎలా పడిందో చెబితే నా గుణం సగం తెలిసిపోతుంది.

ఏటా క్రిస్మస్ ముందు మేము దుప్పట్లు పంచేవాళ్ళం. మెదక్‌లో మాలాంటి చిన్న సంఘాలు చాలానే ఉన్నాయి. అందరికీ దుప్పట్లే గుర్తొస్తాయి, అదీ ఒకే వారంలో. ఆ ఏడు మేము బస్టాండుకు చేరేసరికి అక్కడ ఉండే ముసలాయన అప్పటికే రెండు దుప్పట్లు పరుచుకొని, మూడోది కప్పుకొని కూర్చున్నాడు. మాది నాలుగోది. ఆయన దాన్ని మర్యాదగా తీసుకొని, "సారూ, దిండు ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

ఆ తర్వాత జరిగిన కమిటీ మీటింగులో నేను లేచి, సేవ అంటే అవసరం తెలుసుకొని చేయాలని, అవసరం తెలియాలంటే అధ్యయనం చేయాలని అరగంట మాట్లాడాను. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. బెల్లు కొడితే తప్ప ఆగడం రాదు. కమిటీ మీటింగులో బెల్లు ఉండదు. చివరికి మా పాస్టరుగారే నోరు విప్పారు. మేమంతా ఆయన్ను అయ్యగారనే పిలుస్తాం.

"సారు చెప్పింది మంచిగున్నది. గందుకే ఈ ఏడు గీ పని సారే చూస్కుంటరు" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మా కమిటీ ఒక విషయం మీద అంత తొందరగా ఏకాభిప్రాయానికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి రోజే కొత్త నోటుబుక్కు కొని, మొదటి పేజీలో 'అవసరాల అధ్యయనం' అని రాసి కింద రెండు గీతలు గీశాను. మూడు వారాలు గడిచినా రెండో పేజీలో ఏమీ పడలేదు.

ఆలోచన వచ్చింది నా భార్యకు. ఆమె రిటైరయిన స్టాఫ్ నర్సు. మా ఇంటి వెనక రెండు సందులు దాటితే బీడీలు చుట్టేవాళ్ళ గల్లీ ఉంది. ఎవరికి బీపీ ఎక్కువైనా, ఎవరికి కాలు వాచినా ఆమెను పిలుస్తారు. ఒక రోజు కరివేపాకు దూస్తూ అంది: "గా గల్లీల నలభై దాటిన ఆడోళ్లందరు బీడీని గింత దూరం పట్టుకొని చుడుతున్నరు. దగ్గరి చూపు పోయింది. ఇంకో రెండేండ్లయితే చేతులు సరిపోవు."

నేను "ఊఁ" అన్నాను.

ఆదివారం మీటింగులో లేచి, "నేను గమనించిందేమంటే" అని మొదలుపెట్టి, ఆ గల్లీవాళ్ళ చూపు పరీక్షించి కళ్ళద్దాలు ఇద్దామన్నాను. నా భార్య ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది. నా మొదటి మాట వినగానే వంగి చాప అంచు సరిచేసుకుంది. ఆ సంగతి ఇంటికొచ్చాక కూడా ఎత్తలేదు. ఆమె ఎత్తని సంగతులే పెళ్ళయినప్పటి నుంచి నాకు ఎక్కువ బరువు.

సంఘ పెద్ద ఒకాయన అభ్యంతరం చెప్పాడు. "పొగాకు పనికి మనం సాయం చేసుడేంది అయ్యగారూ?"

"మనం అద్దాలిస్తున్నం. వాటితోని ఏం చూడాల్నో వాళ్ల ఇష్టం. బియ్యంల రాళ్లు గూడ కనవడాలె గదా" అన్నారు అయ్యగారు. దానితో ఆ చర్చ ముగిసింది.

మా సంఘం అమ్మాయి ఒకతె కళ్ళ పరీక్ష చదువు చదివి, హైదరాబాదులో అద్దాల షాపులో పనిచేస్తోంది. తొమ్మిదో తరగతిలో నా విద్యార్థినే. ఆమె ఒక ఆదివారం ఊరికొచ్చి, ఆరాధన అయ్యాక గంటసేపు మాకు నేర్పింది. కార్డు ఎంత దూరంలో పట్టుకోవాలి, ఏ నంబరు తర్వాత ఏ నంబరు పెట్టి చూడాలి అన్నీ చెప్పింది. ఏ అద్దంతోనూ కనిపించకపోయినా, కంట్లో తెల్లటి పొర ఉన్నా దవాఖానకు పంపాలి తప్ప మనం డాక్టర్లం కాకూడదని మరీ మరీ చెప్పింది. తర్వాత రెండు కార్డులు నా చేతిలో పెట్టింది. ఒకదాని మీద అక్షరాలు. రెండోదాని మీద ఒక పక్క తెరిచి ఉన్న చిన్న చిన్న డబ్బాల బొమ్మలు.

"సార్, సదువు రానోళ్లకు ఇది. ఏ దిక్కు తెరిచున్నదో వేలుతోని చూపిస్తరు."

డబ్బాల కార్డు నాకు పిల్లల ఆటలా కనిపించింది. దాన్ని తీసుకెళ్ళి బల్ల సొరుగులో వేశాను. అక్షరాల కార్డు కూడా నచ్చలేదు. ఒకదానికొకటి సంబంధం లేని అక్షరాలు, అందులో భాష ఏముంది? ఒక సాయంత్రం కూర్చుని నేనే నాలుగు వాక్యాలు రాశాను. చెరువు నిండింది. కొంగ ఒంటికాలి మీద నిలబడింది. వరిచేను గాలికి ఊగింది. చిన్న చీమ పెద్ద గింజను మోసుకుపోయింది. చెరువు అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, చీమ అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో. ఈ ఏర్పాటు నాకు ఎంత నచ్చిందంటే, లామినేషన్ చేయించి తెచ్చాక ఇంటికొచ్చిన ఇద్దరు ముగ్గురికి చీమను ప్రత్యేకంగా చూపించాను.

చదువు రానివాళ్ళు వస్తే ఏం చేయాలన్న ప్రశ్న నాకు రాలేదు. ముప్పై మూడేళ్ళు నేను తెలుగు చెప్పిన ఊరు కదా. అలాంటి ప్రశ్న వస్తే నాకే నచ్చదు కాబట్టి రాలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

శనివారం పొద్దున గల్లీ చివర కమ్యూనిటీ హాల్లో బ్యానరు కట్టాం. బల్ల మీద అద్దాల పెట్టె, ఎదురుగా కుర్చీ, పక్కన రిజిస్టరుతో నా భార్య. ముప్పైమంది దాకా ఆడవాళ్ళు వచ్చి వరసగా కింద కూర్చున్నారు. మొదటి ముగ్గురూ చక్కగా చదివారు. ఏ నంబరుతో చీమ కనిపిస్తే ఆ అద్దాలు ఇచ్చాను. నాలుగో ఆమె కార్డు తీసుకొని, చూసి, తిరిగి ఇచ్చేసింది.

"కనవడ్తలేదు సారూ."

ఒకటో నంబరు పెట్టాను, ఒకటిన్నర పెట్టాను, మూడు దాకా వెళ్ళాను. చెరువు కూడా కనిపించలేదు. "మసక మసక ఉన్నది" అంది. తర్వాతి ఆమెదీ అదే మాట. ఆ తర్వాత ఇద్దరు చదివారు, మళ్ళీ ముగ్గురికి మసక. పది గంటలు దాటేసరికి రిజిస్టరులో పదిమంది పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో 'పెద్ద దవాఖాన' అని రాయించాను. వాళ్ళతో గంభీరంగా, "ఆలస్యం చెయ్యకుండ్రి, కండ్ల ముచ్చట" అని కూడా చెప్పాను. తర్వాత బయటికొచ్చి అయ్యగారికి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, గీ గల్లీల ఏదో కండ్ల జబ్బు ఉన్నట్టున్నది. పొగాకు దుమ్ము అయ్యుంటది. నేను రిపోర్టు రాస్త."

ఆయన నిజంగానే పరేషానయ్యారు. నాకు మాత్రం భయంకన్నా, దీన్ని కనిపెట్టింది నేనేనన్న సంతోషం ఎక్కువగా ఉంది. దాచుకోవడమెందుకు.

లోపలికి వచ్చేసరికి కుర్చీలో సన్నటి మనిషి కూర్చుని ఉంది. జుట్టు సగానికి పైగా నెరిసింది. వేళ్ళ కొసలు పొగాకుతో పచ్చబడ్డాయి. పొద్దున్నుంచి ముందు వరసలోనే ఉంది. కార్డు చేతికివ్వగానే, అద్దాలు పెట్టకముందే, చెరువు దగ్గర మొదలుపెట్టి చీమ దాకా ఎక్కడా ఆగకుండా చదివేసింది.

నేను ఆశ్చర్యపోయాను. "పెద్దమ్మా, నీ వయసెంత?"

"ఎవలకెరుక సారూ. నీకంటె చిన్నదాన్నే ఉంట. పెద్దమ్మ అంటవేంది?"

హాలంతా నవ్వింది. నేను తేరుకొని లేచి నిలబడి, "చూసిండ్రా, ఈ వయసుల గూడ ఈమె చూపు బంగారం. ఈమెకు అద్దాలు అవసరం లేదు" అని ప్రకటించాను. కార్డు పట్టుకొని ఉండగానే ఫోటో తీశాను. ఆమె లేచి, ఒక నిమిషం అద్దాల పెట్టె వైపు చూసి, కొంగు సర్దుకొని వెళ్ళిపోయింది. ఆ చూపులో నాకు సంతోషమే కనిపించింది. అంత నిపుణుణ్ణి నేను.

ఇంటికి వెళ్తూనే ఆ ఫోటోను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'చూపు బంగారం' అని రాశాను. చప్పట్లూ, జోడించిన చేతులూ వరసగా వచ్చాయి. అన్నానికి కూర్చున్నాక నా భార్య పప్పు వడ్డించి, ఫోన్ తెచ్చి కంచం పక్కన పెట్టింది.

"గీ ఫోటో జర పెద్దగ చేసి చూడుండ్రి."

ఆమె ముఖం పెద్దది చేసి చూశాను.

"మొఖం గాదు. కార్డు."

కార్డు తలకిందులుగా ఉంది. చీమ పైన, చెరువు కింద.

"మరి చదివింది గదా?" అన్నాను.

"ఇన్నది. పొద్దటిసంది మీరు అందరితోని అదే చదివిస్తున్నరు. నాకు గూడ నోటికొచ్చింది." చెరువు నుంచి చీమ దాకా నా భార్య కూడా అప్పజెప్పింది.

"నువ్వు అప్పుడే చూసినవా?"

"చూసిన."

"మరి చెప్పలేదేంది?"

"అందరి ముంగట ఆమె ముచ్చట చెప్తనా?" అని, నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. "మీ జబ్బు మనుషులు గూడ అంతే. సదువు రాదని టీచరు ముంగట చెప్పుడుకంటె కండ్లు కనవడ్తలేవని చెప్పుడు అల్కగ ఉంటది."

పుస్తకంలో వేరే పేజీ తెరుచుకొని పాఠం అప్పజెప్పే పిల్లల్ని చివరి బెంచీ నుంచి కూడా పట్టుకునేవాణ్ణని నాకు పేరుండేది. మూరెడు దూరంలో కూర్చున్న మనిషి చేతిలో కార్డు ఎటు ఉందో చూడలేకపోయాను.

గ్రూపులోంచి ఫోటో తీసేశాను. ఎవరో "ఏమైంది సార్?" అని అడిగారు. "టెక్నికల్ ప్రాబ్లం" అని రాశాను. తర్వాత అయ్యగారికి ఫోన్ చేసి, రిపోర్టు అవసరం లేదన్నాను.

"జబ్బు తగ్గిందా సార్?"

"వాళ్లకు లేకుండె అయ్యగారూ. నాకే ఉండె" అని మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆరాధన అయ్యాక నా భార్యా నేనూ ఆ 'చూపు బంగారం' ఆమె ఇంటికి వెళ్ళాం. "మీరు నోరు తెరవకుండ్రి" అని దారిలో నా భార్య రెండుసార్లు చెప్పింది. మేము వెళ్ళేసరికి ఆమె గడప దగ్గర ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. చాటలో కత్తిరించిన ఆకులు, పొగాకు, దారం ఉండ. మమ్మల్ని చూసి చాప వేసింది.

నేను నోరు తెరిచాను. "అక్కా, నిన్న పరీక్షల చిన్న పొరపాటు జరిగింది. నీకు గూడ అద్దాలు..."

"నాకెందుకు సారూ? నువ్వే అన్నవ్ గద, సూపు బంగారమని. గల్లీ మొత్తం ఇన్నది."

నా భార్య ఆమె పక్కనే కూర్చుని, అద్దాలు పెట్టుకొని, ఒక ఆకు తీసుకొని తానూ బీడీ చుట్టడం మొదలుపెట్టింది. చివరికి అది ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా తయారైంది. ఆమె దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయింది.

"నాకు అద్దాలున్నా చుట్టుడు రాదు. నువ్వు పెట్టుకో, ఎట్లుంటవో చూస్త" అని నా భార్య అద్దాలు తీసి ఆమె చేతికిచ్చింది.

ఆమె పెట్టుకుంది. చేతులింకా దూరంగానే ఉన్నాయి. నా భార్య మేము తెచ్చిన పెట్టెలోంచి ఇంకో జత ఇచ్చింది, తర్వాత ఇంకొకటి. రెండున్నర నంబరు దగ్గర ఆమె చేతులు మెల్లగా ఒంటి దగ్గరికి వచ్చాయి. ఒక బీడీ చుట్టి, దారం కట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"గీ దారానికి గింత నూగుంటదా" అంది.

వేళ్ళు చూసుకుంది. గోళ్ళు చూసుకుంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. "సారూ, అంగీ మీద చట్నీ పడ్డది."

నిజమే. ఆ చొక్కాతోనే నేను పొద్దున ఆరాధనలో నిలబడి, సంఘమంతటికీ బైబిలు వాక్యం చదివి వచ్చాను.

అంతలోనే ఆమె అద్దాలు తీసి చాపమీద పెట్టేసింది. "వద్దు సారూ. ఇప్పుడు పెట్టుకుంటె ఏమంటరు? సారు ముంగట అబద్ధమాడింది అంటరు." చుట్టిన బీడీని చాటలో పెట్టి మళ్ళీ అంది. "మా బిడ్డ నీ తాననే సదివింది. యాదికి లేదా? ఒకనాడు నన్ను బడికి పిలిపించినవ్. కాయితం చేతికిచ్చి, నీ బిడ్డ ఏం రాసిందో నువ్వే సదువు అన్నవ్. కండ్లు కనవడ్తలేవు సారూ అన్న. అప్పుడు నాకు కండ్లు మంచిగనే ఉండె."

నాకు గుర్తు లేదు. అలా ఎంతమంది తల్లుల చేతికి కాగితాలు ఇచ్చానో నాకు లెక్క లేదు. నా దృష్టిలో అది పిల్లల చదువు పట్ల తల్లిదండ్రుల బాధ్యతను గుర్తుచేయడం.

"మల్ల అదే మాట చెప్పబుద్ధి కాలే. గందుకే నిన్న ముంగట కూసోని అందరు సదివేది ఇన్న" అంది ఆమె.

తప్పయిందని చెప్పాలనుకున్నాను. అప్పటి తప్పా, నిన్నటి తప్పా, ముందు ఏది చెప్పాలో తెలియలేదు. బడిలో మాటలకెప్పుడూ తడుముకోనివాణ్ణి, చాపమీద చేతులు కట్టుకొని కూర్చున్నాను. ఆమే దారి చూపింది.

"నువ్వు నలుగుట్ల, అందరి ముంగట అన్నవ్ గద సారూ. నలుగుట్లనే తప్పయిందని చెప్పు. నా ముచ్చట చెప్పకు. నీ ముచ్చట చెప్పు."

వచ్చే శనివారానికి మళ్ళీ హాలు అడిగాం. నేను వారమంతా కూర్చుని రెండు పేజీల క్షమాపణ రాశాను. అందులో ఉపమానాలు కూడా ఉన్నాయి. బయల్దేరేముందు నా భార్య చేయి చాపింది. కాగితాలు ఇచ్చేశాను.

అందరూ వచ్చి కూర్చున్నాక లేచి నిలబడ్డాను.

"పోయిన వారం నేను చేసిన పరీక్ష తప్పు. నేను మీ కండ్లు చూడలే, సదువు చూసిన. గా కార్డు తెచ్చుడే నాది తప్పు. నేను అద్దాలు వద్దన్నోళ్లను, దవఖానకు పొమ్మన్నోళ్లను, అందరిని మల్లొకసారి చూస్తం. మన్నించుండ్రి."

వెనక వరసలోంచి ఒకామె నెమ్మదిగా అంది: "గంతేనా సారూ? నేను గుడ్డిదాన్నయిత అనుకొని వారం దినాలసంది నిద్ర పోలే. పిల్లలకు గూడ చెప్పలే."

నవ్వించేదేదీ నాకు తట్టలేదు. ఆమె ముందుకు వెళ్ళి, "తప్పయింది అమ్మా" అన్నాను. "సరే తియ్యి" అంది ఆమె. ఆ రెండు మాటలకు నేను ఎంత రుణపడ్డానో ఆమెకు తెలియదు.

ఈసారి డబ్బాల కార్డు సొరుగులోంచి తెచ్చాను. కానీ దాని అవసరం ఎక్కువ పడలేదు. 'చూపు బంగారం' ఆమె తన చాట వెంట తెచ్చుకుంది, అందులో ఒక సూది, దారం, గుప్పెడు బియ్యం కూడా. "నువ్వు పక్కకు కూసో సారూ, నంబర్లు అందియ్యి" అని నా కుర్చీలో తానే కూర్చుంది. ఆనాడు మేము చాపమీదే వదిలొచ్చిన అద్దాలు ఆమె ముక్కు మీద ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. సూదిలో దారం ఎక్కించమనేది. బియ్యంలో రాయి తీయమనేది. ఎక్కకపోతే నా వైపు చేయి చాపేది, నేను తర్వాతి నంబరు అందించేవాణ్ణి. ఒకామె కళ్ళు చిట్లించి సగం తడుముతూ దారం ఎక్కించేస్తే, "వేళ్లతోని గాదే, కండ్లతోని ఎక్కియ్యి" అని సూది లాక్కుంది. నేనైతే ఆమెకు చూపు బాగుందని పంపేసేవాణ్ణి.

ఎర్ర సిరా పేర్లలో ఇద్దరికి మాత్రం నిజంగానే కంట్లో పొర కనిపించింది. సోమవారం నా భార్య వాళ్ళను ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళింది. తర్వాత ఆపరేషన్లు కూడా అయ్యాయి. మిగిలినవాళ్ళకు ఆ రోజే అద్దాలు అందాయి. సంఘంలో ఆ నెల నివేదిక చదవమన్నప్పుడు, ఈ ఆలోచన మొదట ఎవరిదో కూడా చెప్పాను. నా భార్య ఈసారి చాప సర్దుకోలేదు. కానీ ఇంటికొచ్చాక, "అంత పెద్దగ చెప్పాల్నా?" అంది.

అయ్యగారు వచ్చే ఏడాదికి కూడా నన్నే ఉండమన్నారు. ఇప్పుడు నేను చేస్తున్న సేవ ఏమిటంటే స్క్రూలు బిగించడం. ఆ అద్దాల కాడలు నెల తిరగకుండానే వదులవుతాయి. జేబులో చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకొని రెండు వారాలకోసారి గల్లీలోకి వెళ్తాను. 'అద్దాల సారు వచ్చిండు' అని ఒక గడప నుంచి ఇంకో గడపకు మాట పోతుంది. తెలుగు సారని అక్కడ ఎవరూ పిలవరు.

మొన్న అలాగే ఆ 'చూపు బంగారం' ఆమె గడప దగ్గర కూర్చుని పక్కింటామె అద్దాలు బిగిస్తుంటే, స్క్రూ నా వేళ్ళలోంచి జారి పొగాకు చాటలో పడింది. వెతకడానికి లేవబోయాను.

"నువ్వు కదలకు సారూ, చాటంత ఆగం చేస్తవ్" అని, ఆమె ముక్కు మీది అద్దాలు సర్దుకొని, పొగాకులో ఒక్క వేలు పెట్టి, నువ్వుగింజంత స్క్రూను తీసి నా అరచేతిలో పెట్టింది.